దీపం ఆర్పిన మిస్త్రీ

ఆ రోజుల్లో బండికి రోగమొస్తే మిస్త్రీ చెవి పెట్టి వినేవాడు. ఇప్పుడు బండే తన రోగం పేరు చెప్పేస్తోంది, మిస్త్రీ ఫోన్లో చూసి చదివితే చాలు. ఈ రెండు కాలాల మధ్య గడప మీద నేను బోర్లా పడ్డ కథ ఇది. మీరు నవ్వుకోండి, నేనూ నవ్వుతూనే రాస్తున్నాను. (పడ్డప్పుడు మాత్రం నవ్వలేదు.)

సూరత్‌లో మా ఇల్లు నవాగామ్‌లో. పని కోసం ఊరు వదిలి వచ్చిన నాయినది సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానాలో నేత పని. నాకు ఆ నూలు దుమ్ము పడక ఓ గుజరాతీ సేఠ్ కార్ల గ్యారేజీలో చేరాను. ఆరేళ్ళు తిరిగేసరికి అక్కడ నాకు 'కాన్‌వాలా' అని పేరొచ్చింది, అంటే చెవి మనిషి. బానెట్ ఎత్తకముందే ఏ బేరింగ్ అరుస్తోందో, ఏ బెల్టు జారుతోందో చెప్పేవాణ్ణి. చెప్పేముందు కళ్ళు మూసుకుని రెండు వేళ్ళు గాల్లో ఆడించేవాణ్ణి. వేళ్ళతో పనేమీ లేదు, అది చూసేవాళ్ళ కోసం. ఆ ఏడు సేఠ్ భేస్తాన్‌లో రెండో షెడ్డు తెరుస్తానన్నాడు. దానికి పెద్ద మిస్త్రీ ఎవరన్నది ఆయన ఇంకా చెప్పలేదు గానీ, నేను మాత్రం మనసులో అక్కడ కుర్చీ ఎటువైపు వేసుకోవాలో కూడా ఖాయం చేసుకున్నాను.

సరిగ్గా అప్పుడే మా మేనత్త కొడుకు, నాకంటే మూడేళ్ళు చిన్నవాడు, ఐటీఐ చదివి మా గ్యారేజీలో చేరాడు. చేర్పించింది నేనే. (కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.) రెండు నెలలు బుద్ధిగా నాకు పానాలు అందించాడు. మూడో నెలలో జేబులోంచి అగ్గిపెట్టెంత నల్ల వస్తువొకటి తీసి, ఓ కారు స్టీరింగ్ కింద గుచ్చి, ఫోన్లో వచ్చిన కోడ్ చూసి రోగం చదివేశాడు. గ్యారేజీ అంతా వాడి చుట్టూ మూగింది. కోడ్‌లో మొదటి అక్షరాన్ని బట్టి రోగం ఇంజన్‌దో బ్రేకులదో తెలుస్తుందట, చివరి అంకెలను బట్టి ఏ చోటో తెలుస్తుందట. వాడు పాఠం చెబుతుంటే సేఠ్ బడిపిల్లాడిలా తల ఊపాడు. ఆరేళ్ళలో నా ముందు ఆయన అలా ఒక్కసారి కూడా ఊపలేదు. వారం తిరిగేసరికి అందరూ వాణ్ణి 'డాక్టర్' అనడం మొదలుపెట్టారు. నాకు కడుపు మండిపోయింది. వాడు నవ్వితే మంట, టీ తాగితే మంట, ఆఖరికి 'బావా' అని ప్రేమగా పిలిచినా మంటే.

ఒకరోజు రింగ్ రోడ్‌లో చీరల దుకాణమున్న ఒకాయన కారొచ్చింది. వేడెక్కితే గుంజడం లేదు, మీటర్ల దగ్గర ఇంజన్ బొమ్మ దీపం పసుపుపచ్చగా వెలుగుతోంది. మా బామ్మర్ది గుచ్చి చూసి, పీ సున్నా మూడు సున్నా మూడు, మూడో సిలిండర్ మిస్సవుతోంది, అంటే అది సరిగ్గా మండడం లేదన్నాడు. కోడ్ రోగం పేరే చెబుతుంది, కారణం మనమే వెతకాలి, దానికి నిప్పురవ్వ ఇచ్చే కాయిల్‌ని ఇంకో సిలిండర్‌కి మార్చి చూస్తే తేలిపోతుందని కూడా అన్నాడు. నేను కళ్ళు మూసుకుని, వేళ్ళు ఆడించి, పెట్రోల్ కల్తీ అని తేల్చాను. నిజం చెప్పొద్దూ, నాకూ మిస్సింగే వినబడింది. కానీ వాడన్న మాటే నేనూ అంటే ఇక నా చెవి ఎందుకు?

సేఠ్ వచ్చాక చూపిస్తానని వాడు భోజనానికి వెళ్ళాడు, ఆ వస్తువు కారులోనే ఉంది. వాడు వాడే యాప్ నేనూ దొంగచాటుగా నా ఫోన్లో వేసుకుని ఉన్నాను. ఆ వస్తువుకి ఫోన్ కలిపే పాస్‌వర్డ్ పెద్ద రహస్యమేమో అనుకున్నాను, తీరా చూస్తే ఒకటి రెండు మూడు నాలుగు. కోడ్ కనబడింది. దాని కింద 'చెరిపేయాలా' అన్న అర్థంతో ఓ బటనుంది. నా వేలు నన్ను అడక్కుండానే నొక్కేసింది. దీపం ఆరిపోయింది. ఇంజన్ చల్లారి ఉందేమో, స్టార్ట్ చేస్తే పట్టులా నడిచింది.

సాయంత్రం సేఠ్, చీరలాయన ఎదుట వాడు మళ్ళీ గుచ్చాడు. ఒక్క కోడూ లేదు. సేఠ్ నవ్వాడు, అందరూ నవ్వారు, వాడి ముఖం మాడిపోయింది. ఫోన్‌ని కాసేపు అలా చూస్తూ ఉండి, బండిని ఒక్కరోజు ఉంచుదామని మాత్రం అన్నాడు. సేఠ్ వినలేదు. కాన్‌వాలా చెప్పాడుగా, పెట్రోల్ మార్పించుకోండంటూ బండి పంపించేశాడు. ఆ పూట నేను నేల మీద నడవలేదు.

అన్నం తింటూ నాయిన ముందు గొప్పలు పోయాను, ఆ దీపం నేనే ఆర్పేశానని. ఆయన ముద్ద కలపడం ఆపాడు.

"దీపమారిందా, రోగం పోయిందా?"

నేను పప్పు గిన్నె దగ్గరికి లాక్కున్నాను.

"మా కార్ఖానల గిట్లనే చేస్తరు కొందరు. పోగు తెగితే సాంచ ఆగుతది. ఆగితే నేసే మీటర్లు తగ్గి కూలి తగ్గుతదని, సాంచను ఆపే పుల్లనే దారంతోని కట్టేస్తరు. సాంచ నడుస్తనే ఉంటది, బట్ట మాత్రం ఖరాబైతది."

కంచం పక్కకి జరిపి లేచాను. అయినా పొద్దున్నే వెళ్ళి నిజం చెప్పానా అంటే, చెప్పలేదు. భేస్తాన్ కుర్చీ అంత తేలిగ్గా వదిలేది కాదు.

మధ్యాహ్నానికి ఫోన్ రానే వచ్చింది. చీరల మూటలతో బండి రింగ్ రోడ్ నడిబొడ్డున ఆగిపోయింది, వెనక టెంపోలన్నీ హారన్లు కొడుతున్నాయి. సేఠ్ మండిపడ్డాడు. నేనేమో మిషన్ ఏమీ లేదందిగా అని ఆ తప్పు కాస్తా దాని మీదికి తోశాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. తిట్లన్నీ మా బామ్మర్దే తిన్నాడు. తిని, కొత్త కాయిల్ ఒకటి జేబులో వేసుకున్నాడు. ఇద్దరం ఒకే బైకు మీద రింగ్ రోడ్‌కి వెళ్ళాం.

వాడు కాయిల్ మార్చి చూశాడు. రోగం మూడో సిలిండర్ వదిలి రెండోదానికి దూకింది. అంటే తప్పు కాయిల్‌దే. కొత్తది బిగించాక, ఫోన్ నా వైపు తిప్పి ఓ వరుస మీద వేలు పెట్టాడు.

"కోడ్ చెరిపినంక బండి ఎన్ని కిలోమీటర్లు నడిచిందో ఇది రాసిపెట్టుకుంటది బావా. నిన్న సాయంత్రం చూసినప్పుడు సున్నా ఉండె."

రింగ్ రోడ్ మీద అన్ని హారన్లు మోగుతున్నా నాకేమీ వినబడలేదు. "మరి సేఠ్‌కెందుకు చెప్పలేదురా?" అన్నాను చివరికి.

వాడు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "బేరింగ్ పోతే ఇందుల కోడ్ రాదు బావా. నువ్వు చెవి పెడితే చాలు, తెలుస్తది. నీ చెవి జూసి నాకెంత కుళ్ళో నీకేం ఎరుక? నాకది రాదనే గదా ఇది కొన్నది."

నా మీద కూడా కుళ్ళుకునే మనిషొకడు ఈ లోకంలో ఉన్నాడని ఆ రోజే తెలిసింది. సంతోషపడాలో సిగ్గుపడాలో తేలక రెండూ పడ్డాను. గ్యారేజీకి తిరిగి వెళ్ళి సేఠ్‌తో ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన నా వంక ఎక్కువసేపు చూడలేదు, అదే పెద్ద శిక్ష. భేస్తాన్ షెడ్డు మా బామ్మర్దికి ఇచ్చాడు.

కుళ్ళుకున్నానా? నిక్షేపంగా కుళ్ళుకున్నాను. ఇప్పుడు నా దగ్గరా అలాంటి మిషనే ఉంది, వాడి దానికంటే పెద్దది. అయినా వాడి షెడ్డు ముందు నుంచి పోతే ఎన్ని బండ్లు నిలబడ్డాయో ఈనాటికీ లెక్కపెడతాను. కానీ వారానికోసారైనా వాడి ఫోనొస్తుంది. "బావా, కోడేం లేదు గానీ ఏదో మోగుతుంది, జర విను," అని ఫోన్‌ని ఇంజన్ దగ్గర పెడతాడు. నాకు వినగానే తెలిసిపోతుంది. అయినా వెంటనే చెప్పను. కళ్ళు మూసుకుని, ఇక్కడ చూసేవాళ్ళెవరూ లేకపోయినా రెండు వేళ్ళు గాల్లో ఆడిస్తూ, వాణ్ణి కాసేపు అలా ఎదురుచూడనిస్తాను.