మొదటి పేజీ దగ్గరే ఆగిపోయిన వ్యాసం

మొన్న మనవరాలు తను రాసిన ఇంగ్లీషు వ్యాసం తెచ్చి, ఎదుటివాళ్ళను ఒప్పించాలంటే ముందు వాళ్ళ వాదన పూర్తిగా చెప్పి ఆ తరువాతే మన మాట చెప్పాలని బళ్ళో నేర్పారంటూ మురిసిపోతుంటే, నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్ల బిత్తరపోయింది గానీ, నా కోపం దాని మీద కాదు.

యాభైలలో మద్రాసు చింతాద్రిపేటలో నాయన, చిన్నాయన కుటుంబాలు ఒకే ఇంట్లో ఉండేవి. నేను తెలుగు బడిలో థర్డ్ ఫారం, అంటే ఎనిమిదో తరగతి, ముగించే వేళకు చిన్నమ్మకు కాన్పయింది. పసిబిడ్డను చూసుకోవడానికి నన్ను బడి మాన్పించాలని చిన్నాయన పట్టుబట్టాడు, నాయన ఎటూ తేల్చలేదు. తండ్రి ఎదుట నిలబడి మాట్లాడే అలవాటు మనకెక్కడిది, నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. వ్యాసాల్లో ఎప్పుడూ మెప్పు పొందేదాన్ని కదా అని, మా పంతులమ్మ కూడా నేర్పిన ఈ పద్ధతిలోనే రెండు పేజీలు రాశాను. మొదటి పేజీలో ఇంటిపని, ఆడపిల్ల బాధ్యత అంటూ చిన్నాయన వాదనంతా ఆయన కన్నా బాగా రాశాను. నేనెందుకు చదవాలో రెండో పేజీలో ఏడుస్తూ రాశాను.

కాగితాలు నాయన చేతికిచ్చాక గానీ నా బుర్రకు తట్టలేదు, పుట్టినప్పటి నుంచి తెలుగే మాట్లాడే మా నాయనకు చదవడం వచ్చింది అరవం ఒక్కటేనని. పొద్దున్నే ఆయన అరవ పేపరు చదవడం రోజూ చూస్తూనే ఎలా మరిచానో! ఆయన కాగితాలు అటూ ఇటూ తిప్పి, ఇంట్లో తెలుగు చదవగలిగిన ఇంకొక్క మనిషికి, చిన్నాయనకే ఇచ్చాడు.

చిన్నాయన మొదటి పేజీ గొంతెత్తి చదివి, రెండూ కలిపి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చూస్తివా అన్నా, ఇంట్లో ఉండేదే మేలని పాపే రాసుండాది!"

నాయన మొహం విప్పారింది. "బుద్ధిగల బిడ్డ. సరే, అట్నే కానీ."

ఇంకో పేజీ ఉందని చెప్పబోయాను. "ఈడేం పని నీకు? లోపల బిడ్డ ఏడస్తా ఉండాది, పో," అన్నాడు చిన్నాయన. పోయాను. నా చదువు అక్కడితో సరి. ఆయన చేసిన దగాను ఇప్పటికీ క్షమించలేదు, నోరుమూసుకుని పోయిన ఆ పిల్లను అసలే క్షమించలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఏ ఆడపిల్లనూ బడి మాన్పించరు, ఆ మార్పు చాలుననుకునేదాన్ని. నా కోపమెందుకో మనవరాలికి తెలియాలని రెండు రోజులు కూర్చుని ఈ సంగతంతా రాసి చేతికిచ్చాను. అది కాగితాలు అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాకు తెలుగు చదవను రాదు గదా అవ్వా, నువ్వే చదువు."

చదివాను, ఈసారి చివరి పేజీ దాకా. నేను పోయాక వీటిని దానికి ఎవరు చదివి వినిపిస్తారో, ఎంత వరకు చదివి ఆపేస్తారో.