యార్డంతా రెడ్డెప్పదే

మదనపల్లె టమోటా యార్డులో కనిపించిన క్రేటునల్లా ఒకే రైతుకు రాసిచ్చేసిన ఘనురాలిని నేను. చెబుతాను, నవ్వుకోండి. నా ఎదురుగా మాత్రం వద్దు.

కుప్పంలో డిగ్రీ ముగించి ఖాదర్ సాబ్ మండీలో కంప్యూటర్ ముందు కూర్చున్న కొత్త. రైతు దించిన ఒక్కో క్రేటుకూ ఒక్కో చీటీ. చీటీ లేని క్రేటు వేలానికి రాదు. అందుకని ఎక్సెల్‌లో ప్రతి పేరు కిందా కావలసినన్ని వరసలు చేత్తో చేర్చేదాన్ని. వేలు నొప్పి పుట్టి, ఆ పని దానంతటదే చేసేలా మాక్రో రాశాను. పేరు పక్కన క్రేట్ల లెక్క ఏడు ఉంటే, ఆ వరసనే కింద ఇంకో ఆరుసార్లు చేర్చి, చీటీలు కూడా ముద్రించేస్తుంది. నా తెలివికి నాకే ముద్దొచ్చింది.

"ముందు ఒకరికి చేసి సూడు భారతమ్మా," అన్నారు సాబ్.

"అవసరం లేదులే సాబ్," అని నొక్కేశాను.

ప్రింటరు ఆగితే ఒట్టు. చీటీలెప్పుడూ క్రేట్లు దించిన వరసలోనే వస్తాయి కాబట్టి హమాలీలు పేర్లు చదవరు. వచ్చినవి వచ్చినట్టే అంటించుకుంటూ పోయారు. కాసేపటికి చౌడేపల్లె రెడ్డెప్ప వచ్చి తల గోక్కున్నాడు.

"నేను తెచ్చింది ఏడు క్రేట్లేనమ్మా. ఆడ సూస్తే వరసంతా నా పేరే ఉండాది. నా తోట గాని నడిచొచ్చిందా?"

వెనకే పుంగనూరు మునెమ్మక్క. "నావి పన్నెండు. బాగా పండిపోయినాయి, ఈ పొద్దు అమ్ముడుపోకుంటే రేపటికి నీళ్లే. నా పేరు యాడ పాయె?"

ఆ మాటకు కంప్యూటర్ వైపు తిరిగి చూశాను. మాక్రో కొత్తగా చేర్చిన వరసలోనూ ఏడు ఉంది కదా! అక్కడికి రాగానే మళ్లీ ఆరు చేర్చింది, వాటి కింద మళ్లీ ఆరు. జాబితాలో మొదటి పేరైన రెడ్డెప్పను దాటి ముందుకు పోతేగా.

"యాల సూస్తాండావు? ప్లగ్గు పీకు," అన్నారు సాబ్.

వేలానికి ఇంకో పావుగంటే ఉంది. స్కెచ్ పెన్నులు పట్టుకుని అందరం క్రేట్ల మీద పడ్డాం. మొదట మునెమ్మక్కవి పన్నెండూ దిద్దాను. అవి అమ్ముడుపోయాయని తెలిశాకే మళ్లీ కంప్యూటర్ దగ్గరికి వెళ్లాను. రెడ్డెప్ప కూడా ఒక పెన్ను తీసుకుని తన పేరు తనే కొట్టేసుకుంటూ వచ్చాడు.

"పూటంతా కాకున్నా కాసేపు యార్డంతా నాదైనాది," అన్నాడు పెన్ను తిరిగిస్తూ. "దాన్నీ నా చేత్తోనే కొట్టేయించినావు గదమ్మా."

ఆ పెన్ను సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో వరసలు చేర్చితే కింది నుంచి పైకే, కొత్తగా చేర్చినవి మళ్లీ ఎదురుపడకుండా. అదీ ముందు ఒక్కరికి చేసి చూశాకే. ఆ ఒక్కరు రెడ్డెప్ప మాత్రం కాకూడదు.