పాస్‌వర్డ్ అడిగిందా?

నిన్న పొద్దున పంజాగుట్టలోని మా ఆఫీసులో శిక్షణ గది ముందు నుంచి వెళ్తుంటే, లోపల పాతికమంది కొత్తవాళ్లు ఒక్కసారిగా కీబోర్డులు మొదలుపెట్టిన చప్పుడు వినిపించింది. తలుపు మూసే ఉంది. అయినా ఆ టకటకలకు నడక ఆగిపోయింది. యూసుఫ్ భాయ్ గుర్తొచ్చారు.

ఐటీ మంచి ఊపు మీదున్న ఆ రోజుల్లో మైత్రీవనం వెనక సందులోని ఒక కోచింగ్ సెంటర్‌లో ఆయన ల్యాబ్ ఇన్‌ఛార్జి, నేను ఆయన సహాయకుడిని. తెనాలి నుంచి వచ్చి ఆర్నెల్లు కాలేదు, అన్నీ తెలిసినట్టే ఉండేవాణ్ణి. భాయ్ అంతకుముందు రేడియోలు బాగుచేసేవారు. కంప్యూటర్లు సొంతంగా నేర్చుకున్నారు. ఏదైనా పాడైందని ఎవరు చెప్పినా ముందు పెన్ను తీసి, వాళ్లన్న మాటల్నే రాసుకునేవారు. అంత రాయడం ఎందుకని ఒకసారి అడిగాను. "రేడియో తెచ్చినాయన 'గురగుర అంటది' అన్నడనుకో. 'ఖరాబైంది' అని రాసుకుంటే రేపు నాకేం ఎరుక తమ్మీ?" అన్నారు. నేను నవ్వేశాను.

ల్యాబ్‌లో ఇరవై నాలుగు కంప్యూటర్లు. పక్క గదిలోని లైనక్స్ సర్వర్‌లోకి అందరూ తమ సీట్ల నుంచే లాగిన్ అయి కమాండ్లు సాధన చేయాలి. పొద్దున ఏడున్నర బ్యాచ్‌లో వసుంధర గారని ఒకావిడ చేరారు. ఇల్లు మధురానగర్. వకీలు ఆఫీసులో పన్నెండేళ్లుగా టైపిస్టు, అక్కడ టైపు మిషన్లు తీసేస్తున్నారని వచ్చారు. వారంలో రెండు మూడుసార్లు ఆవిడ చెయ్యి లేచేది. "బాబూ, మళ్లా బంద్ అయింది." తెర మీద కనెక్షన్ తెగిపోయిందని ఇంగ్లీషులో ఒక వాక్యం కనబడేది. అందరి సందేహాలూ తీర్చి చివరికి ఆవిడ దగ్గరికి వెళ్లి నేను కొడితే, తొలిసారికే లోపలికి పోయేది.

"పాస్‌వర్డ్ తప్పు కొడుతున్నారండీ. నాకు వస్తోందిగా!" అన్నాను ఒకరోజు, గదంతా వినబడేట్టు. ముందు వరసలో ఒకతను నవ్వాడు.

ఆ రోజు క్లాసయ్యాక ఆవిడ తన ఐడీ కార్డు తెచ్చి భాయ్ టేబుల్ మీద పెట్టారు.

"రేపటి సంది రాను సార్. నాతోని అయితలేదు."

"కూసోండమ్మా. జర ఏమైతుందో చెప్పుండ్రి."

"తప్పు కొడుతున్ననంట. వకీలు సాబ్ కాయిదాలు పన్నెండేండ్లు కొట్టిన. ఒక్క తప్పు వోలేదు."

"పాస్‌వర్డ్ అడిగిందా, అమ్మా?"

"అడగలే. ఎంటర్ కొట్టంగనే బంద్ అయితది."

భాయ్ నా వైపు తిరిగారు. "అడగని పాస్‌వర్డ్ తప్పెట్ల కొడతరు తమ్మీ?"

నెల రోజులుగా ఆ వాక్యాన్ని చూస్తున్నాను. ఒక్కసారీ చదవలేదు.

ఒక్క రోజు వచ్చి చూడమని భాయ్ ఆవిడను ఒప్పించారు. మర్నాడు ఆయన ఆవిడ పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఆవిడ బోర్డు మీది కమాండును ముందు నోటుబుక్కులో రాసుకుని, తర్వాత కొట్టారు. అప్పటికే చుట్టూ అందరూ లాగిన్ అవుతున్నారు. బంద్ అయింది. భాయ్ రెండు నిమిషాలాగి మళ్లీ కొట్టమన్నారు. లోపలికి వెళ్లింది. ఆయన లేచి నిలబడి, అందరినీ లాగౌట్ చేయమన్నారు.

"నేను తీన్ అనంగనే అందరు ఒక్కపారి ఎంటర్ కొట్టుండ్రి. ఏక్... దో... తీన్! ఎవరిది బంద్ అయింది?"

సగానికి పైగా చేతులు లేచాయి. ముందురోజు నవ్వినతనిది కూడా. "నాకు ముందు సుత అయింది భాయ్. నేనే తప్పు కొట్టిననుకుని మళ్లా కొట్టుకున్న" అన్నాడు. వసుంధర గారు గదంతా కలియజూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

సంగతి చిన్నదే. పాస్‌వర్డ్ కొట్టాల్సినవాళ్లను సర్వర్ ఒకేసారి పదిమంది వరకే నిలవనిస్తుంది. పదకొండో మనిషిని ఏమీ అడగకుండానే పంపేస్తుంది. వసుంధర గారు కమాండు రాసుకుని కొట్టేసరికి కొన్ని రోజులు ఆ పదీ నిండిపోయి ఉండేవి. నేను వెళ్లి చూసే వేళకు మిగతావాళ్లంతా లోపలికి పోయి ఉండేవాళ్లు, అందుకే నాకు వచ్చేది. ఆ సర్వర్‌ను సిద్ధం చేసింది నేనే. పదిని యాభై చేశాను. భాయ్ మళ్లీ ఏక్, దో, తీన్ అన్నారు. ఈసారి ఒక్క చెయ్యీ లేవలేదు.

"ఆవిడని పక్కకు పిలిచి సారీ చెప్తాను భాయ్" అన్నాను మెల్లగా.

"అందరి ముందర అన్నవ్ గద, అందరి ముందర్నే చెప్పు. ఫికర్ చెయ్యకు, నేనుంట."

చెప్పాను. "పోనీ బాబూ, ఇప్పుడైతే వస్తుంది గద" అని ఆవిడ పనిలో పడ్డారు. కోర్సు పూర్తి చేసి, అదే వకీలు ఆఫీసులో కంప్యూటర్లన్నీ చూసుకునే పనిలో కుదిరారు.

ఆ మధ్య పంజాగుట్ట మెట్రో మెట్ల దగ్గర భాయ్ కలిశారు. గడ్డం పూర్తిగా నెరిసింది. ల్యాబ్‌లో ఆ ఉదయం సంగతి చెబితే తల అడ్డంగా ఊపారు. "యాదికొస్తలేదు తమ్మీ. ఆమె నౌకరీ ఏమైంది మరి?" చెప్పాను. ఆయన ముఖమంతా నవ్వయింది.

ఇప్పుడు నా కింద కొందరు పనిచేస్తున్నారు. ఎవరైనా ఏదో రావడంలేదంటే, వాళ్ల సీటు దాకా వెళ్లి పక్కన కూర్చుని, వాళ్లు చేస్తుంటే చూస్తాను. పక్కన మనిషి ఉన్నాడని మొదట బిగుసుకుపోతారు. తొందరపెట్టను. కాసేపటికి ఏమవుతోందో వాళ్లే చెప్పడం మొదలుపెడతారు.