పెద్దమావయ్యగారి చేతికున్న సూది

పెద్దమావయ్యగారు భీమవరం ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేశారు గానీ, ఆయన చేతికి పెట్టిన సూది మాత్రం తియ్యలేదు. మణికట్టు మీద ప్లాస్టరు, దాని పైన గులాబీరంగు మూత, లోపల నరంలోకి దిగిన సన్నటి గొట్టం. రొయ్యల చెరువులో ఏదో గుచ్చుకుంది. అసలే షుగరు మనిషి, కాలు మోకాలి దాకా వాచి చీము పట్టింది. పొద్దునా సాయంత్రం ఆ గొట్టంలోంచి మందు ఎక్కించాలి. కోర్సు అయ్యేదాకా ఉండమని ఆసుపత్రిలో బతిమాలితే, "చెరువుల్లో రొయ్యల పట్టుబడి పెట్టుకుని నేనిక్కడ పడుకోనా? మా ఇంట్లో నర్సమ్మ ఉంది" అని సంతకం పెట్టి వచ్చేశారు.

ఆ నర్సమ్మను నేనే. నన్ను మాటవరసకైనా అడిగినవాళ్ళు లేరు.

ఆయన మా మావగారి అన్నగారు. గోడకవతల ఇల్లే. నేను ఏ.ఎన్.ఎమ్. చదివి మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేస్తున్నాను. పిల్లలకు టీకాలు వేస్తాను, గర్భిణుల్ని చూస్తాను, కండకు ఇంజెక్షను చేస్తాను. నరంలోకి మందు ఎక్కించడం నా పని కాదు. డాక్టరుగారో స్టాఫ్ నర్సో పక్కనుండి చెయ్యమంటే తప్ప ఆ మూత ముట్టుకోకూడదని మాకు చదువులోనే నూరిపోశారు. కండకు చేసిన మందు మెల్లగా ఒంట్లోకి పోతుంది. నరంలోకి పోసింది క్షణంలో గుండెకు చేరుతుంది. ఆ మందు ఒంటికి పడకపోతే మనిషిని నిలబెట్టడానికి మా వసారాలో ఏముంది? ఒక ఫ్యానూ, ఒక మడతమంచమూ. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, మా వాళ్ళకు అన్ని వైద్యాలకూ పెరటిచెట్టే కావాలి.

వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆయన మా వసారాలో కుర్చీ లాక్కుని కూర్చుని చెయ్యి చాపారు.

"కానియ్యి అమ్మాయ్. చెరువు దగ్గరికి లారీ వచ్చేస్తది."

"నేను వెయ్యకూడదండీ మావయ్యగారూ."

"వెయ్యకూడదేంటి? నీకు రాదా ఏంటి?"

"వచ్చండి. కానీ నన్ను వెయ్యనివ్వరండి."

"వచ్చినప్పుడు వెయ్యడానికేం? ఇక్కడెవరు చూడొచ్చారు?"

ఏం చెప్పను! చేతనవడం వేరు, చెయ్యొచ్చు అనడం వేరు అని ఆ ఇంట్లో ఒక్కరికీ నచ్చజెప్పలేకపోయాను. పెద్దాసుపత్రికి కాకపోతే పోనీ మా పి.హెచ్.సి.కి పదండి, ఆటోలో నేనే తీసుకెళ్తాను, అక్కడ స్టాఫ్ నర్సు ఉంది, అన్నాను. రొయ్యల తూకం దగ్గర తను లేకపోతే కొంప మునిగినట్టేనన్నారు ఆయన. ఆటోల్లో ఊరేగడానికి ఇది పెళ్ళా అని కూడా అన్నారు.

మా అత్తగారు గుమ్మంలోంచి అందుకున్నారు. "చోద్యం కాకపోతే ఏంటమ్మా ఇది! ఊళ్ళో పిల్లలందరికీ వేస్తావు, సొంత మనిషికి వెయ్యవా? రేపు కాలు తీసేస్తే ఆ పాపం ఎవరిది?"

ఆ మాటను కొట్టిపారెయ్యలేను. ఎందుకంటే అది నిజం. మందు ఆగితే కాలు పోవచ్చు. నేను వేసి అది వికటిస్తే మనిషే పోవచ్చు, నా ఉద్యోగం సరేసరి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మా ఆయన ఒకసారి వాళ్ళ పెదనాన్న వంక చూశాడు, ఒకసారి నా వంక చూశాడు, బండి తాళాలు తీసుకుని "మీరూ మీరూ చూసుకోండి" అని చక్కా పోయాడు. ఒళ్ళు మండిపోయింది నాకు.

చివరికి ఆర్.ఎం.పి.ని పిలిచారు. ఆయన ఎప్పుడో ఒక నర్సింగ్ హోములో కాంపౌండరుగా చేశాడు. అంతే చదువు. అయినా ఊరికి ఆయన డాక్టరుగారు, నేను అమ్మాయిని. రొయ్యల రేటు గురించి మాట్లాడుతూనే మందు కలిపి, మాట్లాడుతూనే గబగబా తోసేశాడు. నేను స్తంభం పట్టుకుని నిలబడి, స్వామీ, ఏమీ కాకుండా చూడు అని దణ్ణం పెట్టుకున్నాను.

ఏమీ కాలేదు. పెద్దమావయ్యగారు లుంగీ సర్దుకుని లేచారు.

"చూశావా? ఏమైంది?" అన్నారు అత్తగారు.

నేను దణ్ణం పెట్టుకుంది అందుకే, నా నోరు మూతపడిందీ అందుకే. ఆ రోజు నుంచి పూటపూటా డాక్టరుగారు రావడం, తొయ్యడం, ఏమీ కాకపోవడం. వీధిలో ఆడవాళ్ళు నన్ను చూసి "సూదంటే భయపడే నర్సమ్మండీ బాబూ" అని నవ్వారు. టీకాల రోజున ఒక బాలింత, "మా వాడికి మీరెయ్యొచ్చా అండీ?" అని ఆటపట్టించింది. నవ్వాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

కోర్సు ముగింపుకొస్తుండగా ఆర్.ఎం.పి. కుటుంబంతో అన్నవరం వ్రతానికి వెళ్ళాడు. పెద్దమావయ్యగారు మళ్ళీ మా వసారాకే వచ్చారు. చేతి మీద తువ్వాలు కప్పుకుని ఉన్నారు. తీసి చూద్దును గదా, సూది చుట్టూ ఎర్రగా వాచి ఉంది. నరం తాడులా బిగిసింది. ముట్టుకుంటే అబ్బా అన్నారు. వెంటనే పి.హెచ్.సి. డాక్టరమ్మగారికి ఫోన్ చేసి, ఇంట్లో అందరికీ వినపడేలా స్పీకరు పెట్టాను.

"తీసెయ్యమ్మా, ఇప్పుడే తీసెయ్. అందులోంచి చుక్క కూడా వెళ్ళకూడదు. ఆసుపత్రికి పంపించేసెయ్" అన్నారావిడ.

తీసేశాను. దూది పెట్టి అదిమి పట్టుకున్నాను. "ఇంక మందు పొయ్యడానికి దారే లేదండీ మావయ్యగారూ, భీమవరం వెళ్ళాల్సిందే" అన్నాను. చెప్పొద్దూ, నాకు ఎంత సంతోషం వేసిందో! ఆయన సణుక్కుంటూ కారెక్కారు. అత్తగారు నాతో మాట్లాడడం మానేశారు. ఆ మౌనం కూడా హాయిగానే ఉంది. చాలా రోజుల తరవాత ఆకలేసి, మామిడికాయ పప్పుతో కడుపునిండా తిన్నాను.

సాయంత్రం కారు ఆయన ఇంటి దగ్గర ఆగలేదు. మా గుమ్మం ముందే ఆగింది. ఈసారి ఎడమచేతికి, కొత్త ప్లాస్టరు, కొత్త మూత.

"అక్కడ పడుకోమన్నారు. మా ఇంట్లో నర్సమ్మ ఉంది, చెయ్యి పాడైందని పట్టుకున్నది కూడా ఆ పిల్లేనని చెప్పి వచ్చేశాను" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. "నువ్వు చెప్పినట్టే వెళ్ళాను కదమ్మాయ్. మన ఊరి డాక్టరు గబగబా తోసేస్తాడు, నరం పాడుచేస్తాడు. ఇంకోళ్ళ చేత వేయించుకోను. నువ్వే వెయ్యాలి."

అత్తగారు పరుగున వచ్చి కుర్చీ వేశారు. పొద్దున్నుంచి నాతో మాట్లాడని మనిషి, ముద్దుగా నా భుజం మీద చెయ్యి వేశారు.

"కూర్చోండి బావగారూ. అమ్మాయి చేతులు కడుక్కుని వస్తుంది."

"వెయ్యనండి" అన్నాను.

పెద్దమావయ్యగారు చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.