ఉస్తాద్ సమాధికి నేను పెట్టిన దిక్కు

పదకొండేళ్లుగా ఒక కొలతను మోస్తున్నాను. అది తప్పు కొలత కాదు. అందుకే మోయడం కష్టం. మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నేను రాయచూరులో భౌతికశాస్త్రం బోధించినవాణ్ణి. ఎవరు పాత కథ చెప్పినా ఆధారం అడిగేవాణ్ణి. సైకిళ్లు బాగుచేసే గఫార్ చాచా కుటుంబం తరతరాలుగా ఒక సమాధిని చూసుకునేది. సముద్రం దాటి వచ్చి, ఇస్లాం స్వీకరించి, సుల్తాను సిపాయిలకు ఫిరంగి పేల్చడం నేర్పిన ఐరోపా ఉస్తాద్ సమాధి అదనీ, తాము అతని వంశమనీ వాళ్ల మాట. రోడ్డు వెడల్పు చేస్తుంటే అది అడ్డొచ్చింది. కథ నిజమైతే రోడ్డును మళ్లిస్తామని, పరీక్షించమని అధికారులు నన్నడిగారు.

ఇక్కడ ముసల్మానుల సమాధులు ఉత్తర దక్షిణాలుగా, పాత క్రైస్తవుల సమాధులు తూర్పు పడమరలుగా ఉంటాయి. సమాధి పైన కట్టిన గచ్చు దిమ్మె మీద దిక్సూచి పెట్టాను. తూర్పు పడమర.

చాచా నవ్వాడు. “గీ గచ్చు మా అబ్బ కట్టిచ్చిండు సార్. బండ్లకు అడ్డమొస్తదని తిప్పి కట్టిచ్చిండు. నీ సూది నిజమే చెప్తది. నువ్వు పెట్టిన జాగనే గలత్. లోపటి రాయి జూడు.”

కొలిచాక తవ్వడమెందుకన్నాను. అది క్రైస్తవుడి సమాధి అనీ, ఆ మతమార్పు కొలువు కోసం వేసిన వేషమై ఉంటుందనీ రాసిచ్చాను. దేన్నీ ఊరికే నమ్మనివాణ్ణి, ఎన్నడో చచ్చిన మనిషి మనసు మారి ఉండదని మాత్రం ఏ ఆధారంతో నమ్మాను?

కూల్చే ముందురోజు మధ్యాహ్నం ఒంటరిగా వెళ్లాను. ఎందుకు? అనుమానం ఉండబట్టే కదా. గచ్చుకు రెండు పక్కలా మట్టి తోడాను. నల్లరాయి పలక దాని కిందినుంచి అడ్డంగా బయటికి వచ్చి ఉంది. ఉత్తర దక్షిణం. మూడుసార్లు కొలిచాను. మట్టి తిరిగి కప్పి, కాలితో చదునుచేసి, ఇంటికొచ్చాను.

ఒక్క ఫోను చాలు. చేయలేదు. అప్పటికే నా నివేదిక పత్రికలో వచ్చింది, నలుగురూ మెచ్చుకున్నారు. మరునాడు యంత్రం అంతా ఎత్తిపోసింది.

ఆ తర్వాత బజారు చాచాను ‘ఫిరంగి నవాబు’ అని ఎగతాళి చేసింది. అతను నాతో పోట్లాడలేదు. నా సైకిలుకు గాలి కొట్టేటప్పుడు ముఖం మాత్రం ఎత్తేవాడు కాదు. పోయిన రంజానుకు ముందు చనిపోయాడు, ఊరి లెక్కలో అబద్ధాలకోరుగానే.

ఆ పలక అతని వంశాన్ని రుజువు చేయదు, ఐరోపానూ రుజువు చేయదు. ఇప్పటికీ అంతే అంటాను. కానీ నేను రాసింది అబద్ధమని రుజువు చేసింది. ఆ రుజువు నా ఒక్కడి దగ్గరే ఉండిపోయింది. క్షమించమని అడగడానికి మనిషి లేడు, అడిగే ముఖమూ నాకు లేదు. ఒక్క వాక్యం రాయగలను. రాస్తుంటే ఇన్నేళ్లకు ఊపిరి ఆడుతోంది. గచ్చు గురించి చాచా చెప్పింది నిజం. నేను చూశాను.