స్వెల్ అన్నందుకు

ఇంగ్లీషు రాక నవ్వులపాలైనవాళ్ళు చాలామంది ఉంటారు. నేను మాత్రం నేర్చుకుని నవ్వులపాలయ్యాను.

పెళ్ళికి ముందు తెనాలిలో ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పేదాన్ని, అదీ ఇంగ్లీషు మీడియంలో. వెనక బెంచీలో ఎవడైనా గుసగుసలాడితే నా చేతిలోని సుద్దముక్క నేరుగా వాడి నెత్తిమీద పడేది. అలాంటిదాన్ని 2003లో పెళ్ళయి, మా ఆయన హెచ్‌వన్ చాటున హెచ్‌ఫోర్ వీసా మీద అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊరొచ్చి పడ్డాను. ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. కారు నడపడం రాదు. షాపులో నేను మాట్లాడితే వాళ్ళకూ, వాళ్ళు మాట్లాడితే నాకూ అర్థమయ్యేది కాదు.

"టీవీ చూడు, యాస అదే వస్తుంది," అన్నాడు మా ఆయన.

కేబుల్ దండగన్నాడు. యాంటెన్నాకి సరిగ్గా అందే ఛానెల్‌లో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా యాభై, అరవైల నాటి బ్లాక్ అండ్ వైట్ సీరియళ్ళు వచ్చేవి. ముత్యాల దండ వేసుకుని ఇల్లు ఊడ్చే ఇల్లాలు, టోపీ పెట్టుకుని ఆఫీసు నుంచి వచ్చే మొగుడు. ఆయన ఏదో అనగానే కనిపించని జనం ఘొల్లున నవ్వేవాళ్ళు. నాకు ముందు నవ్వు వినిపించేది, ఆ తర్వాత వెనక్కి వెళ్ళి అర్థం వెతుక్కునేదాన్ని. చూడగా చూడగా ఆ ఇల్లాలి మీద జాలేసింది. ఆమెకూ ఉద్యోగం లేదు. గౌను కొనుక్కోవాలన్నా నాలాగే మొగుణ్ణి అడగాల్సిందే. ఈ దేశం అలాంటి ఆడదాన్ని ఎప్పుడో సాగనంపి, ఆమె జాగాని మాత్రం మా వీసాలో భద్రంగా దాచి పెట్టిందని నాకు తర్వాత తెలిసింది.

ఆ సీరియళ్ళలోనే నాకు 'స్వెల్' దొరికింది. నా క్లాసులో ఆ మాటకి ఒకటే అర్థం: గింజ నీళ్ళు పీల్చుకుని ఉబ్బడం. టీవీలో కేకు బాగున్నా స్వెల్, వాతావరణం బాగున్నా స్వెల్. తెలిసిన మాటకి కొత్త అర్థం దొరికినందుకు ఎంత మురిసిపోయానో!

ఆ ఏడు థాంక్స్‌గివింగ్ పండక్కి మా ఆయన మేనేజర్ ఇంట్లో భోజనం. గుమ్మడికాయతో చేసిన 'పై' అనే తీపి వంటకం ఎలా ఉందని వాళ్ళావిడ అడిగింది. సరిగ్గా టీవీలోలాగే తల కొంచెం పక్కకి వంచి, "ఇట్స్ జస్ట్ స్వెల్!" అన్నాను. బల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను. పరీక్ష పాసయ్యాననుకున్నాను.

తిరిగి వస్తూ మా ఆయన స్టీరింగ్ మీద కొట్టుకుంటూ నవ్వాడు. "అది వాళ్ళ అమ్మమ్మల కాలం మాటే! మన దగ్గర ఎవరైనా కాఫీ తాగి 'భళా' అంటే ఎలా ఉంటుంది? అలా ఉంది."

అక్కడితో పోయుంటే నేనూ మర్చిపోయేదాన్ని. కానీ వారాంతం వచ్చిందంటే మా ఇంట్లో తెలుగు స్నేహితులు, వాళ్ళ మధ్య నా ఐటెమ్.

"ఏమోయ్, బిర్యానీ ఎలా ఉందో చెప్పు మనవాళ్ళకి," అనేవాడు మా ఆయన.

చెంచాలు పట్టుకుని అందరూ నా నోటి వంక చూసేవాళ్ళు. నేను 'స్వెల్' పూర్తి చేయకముందే నవ్వు మొదలయ్యేది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఒకసారి ఆయన్ని వంటింట్లోకి పిలిచి, "ఇక ఆపండి, నాకు కష్టంగా ఉంది," అన్నాను.

"జోక్‌ని జోక్‌లా తీసుకోవాలే. నువ్వంటే వాళ్ళకి ఎంత ఇష్టమో చూడు."

నన్ను చూసి నవ్వడమే నన్ను ఇష్టపడటమని ఆయన నిజంగానే నమ్మాడు. నాకు ఇప్పటికీ మండేది అక్కడే. నవ్విన నాపచేనే పండుతుందని మా అమ్మ ఫోన్లో ధైర్యం చెప్పేది. ఆమెకేం, నాపచేను చూడాల్సింది నేను కదా.

తర్వాత పుట్టిన మా పాప ఆ నవ్వుల మధ్యే పెరిగింది. సెకండ్ గ్రేడ్‌లో ఉండగా, తల్లిదండ్రుల్లో ఎవరైనా వచ్చి తమ పని గురించి పిల్లలకు చెప్పాలని టీచర్ కబురు పంపింది. ఎన్నాళ్ళకి క్లాసు! ఒక గ్లాసులో రాజ్మా గింజలు నానబెట్టేశాను. పొట్టు తీసి, లోపల ముడుచుకుని ఉన్న బుజ్జి మొక్కని చూపిస్తే పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. నాకు తెలుసు, అలా చూసిన కళ్ళు నేను చాలా చూశాను.

"నేను రానా, కన్నా? గింజల గురించి చెప్తా."

పాప ఇబ్బందిగా చూసింది. "నో అమ్మా. డాడీ రావాలి. డాడీ సీరియస్. నువ్వు ఫన్నీ."

ఆ రాజ్మా కూర చేశాను. మా ఆయన బాగుందని రెండోసారి వడ్డించుకున్నాడు.

ఆయనే సగం రోజు సెలవు పెట్టి స్కూల్‌కి వెళ్ళాడు. సాయంత్రం పాప బస్సు దిగి గెంతుకుంటూ వచ్చింది.

"అమ్మా! డాడీ నీ గురించి చెప్పాడు. ఎవ్రీబడీ నవ్వారు!"

"ఏం చెప్పాడు?"

"నువ్వు ఓల్డ్ టీవీ చూసి ఇంగ్లీష్ నేర్చుకున్నావ్ అని."

"అంతేనా? నేను కాలేజీలో పాఠాలు చెప్పేదాన్నని చెప్పలేదా?"

పాప బ్యాగు కింద పెట్టి నా మొహంలోకి చూసింది. నవ్వు ఆపుకుంటున్నానేమో అన్నట్టు వెతికింది. ఆ తర్వాత పకపకా నవ్వింది.

"గుడ్ వన్, అమ్మా!"