తొర్రలో బాలింత

మొన్న మంగళవారం పొద్దున్నే మా ఓనరుగారు పోయారు. సోమాజిగూడ ఆసుపత్రి నుంచి వాళ్లబ్బాయి ఫోన్ చేసి, "నాయిన పోయిండు మేడమ్" అని పెట్టేశాడు. అమీర్‌పేటలో ఆయన ఇంటి మూడో అంతస్తులో చాలా ఏళ్లుగా అద్దెకుంటున్నాను. కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పి చెప్పి గొంతు పోయి ఇంటికొస్తే, "జర నిమ్మళంగ కూసో బిడ్డా" అంటూ గేటు దగ్గర తన కుర్చీ నావైపు జరిపేవారు. ఆ కుర్చీ ఇంకా అక్కడే ఉంది. చూడలేక తల తిప్పుకుని మెట్లెక్కుతున్నాను.

ఆయన నోరు పెద్దది. గల్లీలో ఆటోవాడు హారన్ కొడితే ఈయన తిట్లు మెట్రో స్టేషన్ దాకా వినపడేవి. అలాంటి మనిషి శంకర్‌పల్లి వైపున్న తన చేనులో అడుగు పెడితే మాత్రం చెప్పులు చేత పట్టుకుని పిల్లిలా నడిచేవారు. ఒక ఎండాకాలం ఆదివారం నన్ను పంజగుట్టలో కారెక్కించుకుని తీసుకెళ్లారు. చేను మధ్యలో వాళ్ల తాతల నాటి వేపచెట్టు. చెట్టు మొదలు దగ్గర ఉడుము, పైన గుడ్లగూబల జంట, కొమ్మల నిండా ఉడుతలు, చిలకలు. మా హాస్టళ్ల గల్లీ కూడా అంత కిక్కిరిసి ఉండదు.

కాండం మీద పెద్ద తొర్ర. దాన్నెవరో మట్టి మెత్తి మూసేశారు, సన్నటి చీలిక మాత్రం వదిలారు. "ఇదెవరు మూశారు బాబాయిగారూ?" అన్నాను, పాఠం చెప్పే గొంతుతోనే.

"మెల్లగ బిడ్డా. లోపల బాలింత ఉన్నది."

నవ్వబోయాను. అంతలో ముక్కు మీద చిన్న కొమ్మున్న బూడిదరంగు పిట్ట వచ్చి కాండానికి ఆనుకుంది. గొంతులోంచి ఒక్కో పండునీ పైకి తెచ్చి చీలికకు అందించింది. లోపలి నుంచి ముక్కు కొన ఒకటి బయటికొచ్చి అందుకుంది. ఆడపిట్ట గుడ్లు పొదగడానికి తానే లోపల కూర్చుని గోడ కట్టుకుంటుందట. రెక్కల ఈకలన్నీ రాల్చేసుకుంటుందట. పిల్లలు ఎదిగేదాకా మగపిట్ట తెచ్చిందే తిండి. ఒకరి మీద ఒకరు ఇంత భారం వేసుకుని బతకడం నేనెక్కడా చూడలేదు.

చిన్నతనంలో తెలియక ఆయనే ఒకసారి ఆ గోడను కట్టెతో పొడిచేశారట. "ఈకల్లేని తల్లి నా దిక్కు జూసింది. గా సూపు ఇంక యాదికున్నది" అన్నారు. ఎండాకాలమంతా ఆ చెట్టు దగ్గరికి ట్రాక్టర్ని పోనిచ్చేవారు కాదు. "చెట్టు మనదే, తొర్ర మనది గాదు" అనేవారు.

ఈ ఏడు వాళ్లబ్బాయి చేనులో ఫామ్‌హౌస్ కడదామనుకున్నాడు. చెట్టు అడ్డమన్నాడు. "బాలింత బయటికొచ్చినంక కొట్టుకో" అన్నారాయన. ఆ వారమే ఆసుపత్రిలో పడ్డారు. చూడడానికి వెళితే మాస్కు పక్కకు లాగి, "బయటికొచ్చిందా?" అని అడిగారు. ఇంకా రాలేదట అన్నాను. "మావోన్ని ఆగుమను" అన్నారు. మనిషి సగమయ్యారు, ఫికర్ మాత్రం ఆ పిట్ట గురించే. నాకు ఏడుపాగలేదు.

దహనం చేను చివరే చేశారు. మూడోనాడు పిట్టకు పెట్టడానికి, అంటే పోయినవారి పేర కాకికి ముద్ద పెట్టడానికి, అందరం అక్కడికే వెళ్లాం. ఆయనకిష్టమైన మటన్, అన్నం విస్తరిలో పెట్టి ఆ వేపచెట్టుకు ఎదురుగా గట్టు మీద ఉంచారు. ఎంతసేపైనా ఒక్క కాకీ వాలలేదు. "ఏం కోరిక మిగిలిందో" అని ఆయన అక్కగారు కళ్లొత్తుకున్నారు. అప్పుడే చెట్లు కొట్టే మేస్త్రీ నుంచి వాళ్లబ్బాయికి ఫోన్: కోత మిషన్ తెమ్మంటారా అని.

జవాబు చెప్పేలోగా మగపిట్ట వచ్చింది. తొర్రకు ఆనుకుని, మెడ సాచి, ఒక పండు అందించింది. అబ్బాయి చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని అలాగే చూస్తూ నిలబడ్డాడు.

"మిషన్ వద్దు అన్నా," అన్నాడు చివరికి, గొంతు బాగా తగ్గించి. "లోపల బాలింత ఉన్నది. మనమే ఇల్లు జర అటు జరుపుదం."

కాకి ఎప్పుడు వచ్చి ముట్టిందో మాలో ఎవరమూ చూడలేదు. తిరిగి చూసేసరికి విస్తరి చెదిరి ఉంది. మేమంతా చెప్పులు చేత పట్టుకుని ఆ మట్టిగోడనే చూస్తున్నాం. చీలికలోంచి ముక్కు కొన బయటికొచ్చింది, పండు అందుకుంది, లోపలికి వెళ్లిపోయింది.